చెన్నై జార్జ్‌టౌన్ పాత మిద్దెలో భోజన హోటల్: పని డైరీ

గోవిందప్ప నాయకర్ వీధి నుంచి చీలే సందుల్లో ఒకదాంట్లో మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు ఉంది. దస్తావేజు 1908 నాటిది. ముందు వైపు 22 అడుగులు, లోపలికి 92 అడుగులు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు, నడుమ మండువా. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా కింది భాగం ఉల్లిపాయల గోడౌనుగా ఉండేది, తర్వాత కాగితం రీములు పెట్టుకున్నారు. ఇప్పుడు అందులో 40 మంది కూర్చుని తినే భోజన హోటల్ పెడుతున్నాం. వంట తమ్ముడిది, క్యాటరింగులో 14 ఏళ్ళ అనుభవం. లెక్కలు, ఈ డైరీ నావి.

మొదట అనుకున్న బడ్జెట్టు 12 లక్షలు. దాటిపోయాం. ఎక్కడెక్కడ దాటిందో కింద ఉంది.

దశ 1: కొలతలు (2023 ఫిబ్రవరి)

ఏ గదికీ మూలమట్టం లేదు. ముందు హాలు ఒక చివర 14 అడుగుల 1 అంగుళం, ఇంకో చివర 13 అడుగుల 7 అంగుళాలు. అందుకని ప్రతి గదికీ రెండు ఐమూలలు (ఎదురెదురు మూలల మధ్య దూరం) కూడా కొలవాలి. మొదటి రోజు ఆ సంగతి తెలియక నాలుగు గోడలే కొలుచుకొచ్చాను. ఇంట్లో కాగితం మీద గీస్తే గది మూసుకోలేదు. మళ్ళీ వెళ్ళాం.

దూలాల పరీక్ష ఇలా చేశాం:

1. ఇంట్లో మొత్తం 41 దూలాలు. ఒక్కోదానికి సుద్దతో నెంబరు వేశాం.
2. చెక్క సుత్తితో మధ్యలో, రెండు చివర్లలో కొట్టి విన్నాం. గట్టి కలప ఖంగుమంటుంది. పుచ్చిన చోట బొదబొద.
3. అనుమానం ఉన్నచోట సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిచాం. పావు అంగుళం దిగితే పరవాలేదు. 19వ నెంబరులో పిడి దాకా దిగింది.

పాడైనవి 5. అన్నీ గోడలోకి దూరిన చివర్లలోనే. మధ్యలో టేకు ఇప్పటికీ ఇనుములా ఉంది. గోడ తడి తాగుతుంటే ఆ తడి దూలం కొనకు వెళ్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు అప్పుడే అన్నాడు. నేను రాసుకున్నాను కానీ చెవికెక్కలేదు.

లేజర్ మీటరు 1,850, ఇంజినీరు ఫీజు 35,000, డ్రాయింగులు 12,000, నాలుగు లారీల చెత్త 22,000.
దశ ఖర్చు: 70,850. ఇప్పటిదాకా: 70,850.

దశ 2: సిమెంటు, మా పెద్ద తప్పు (మార్చి నుంచి జులై)

ముందు హాలు పడమటి గోడ అడుగున పెచ్చులూడిపోయి ఇటుక కనిపిస్తోంది. మార్చిలో ఎండలు, గోడ పొడిగా ఉంది. కింద నుంచి 4 అడుగుల దాకా సిమెంటు పూత వేయించాం. దాని మీద ప్రైమరు, పెయింటు. ఫోటోలు తీసుకుని అందరికీ పంపాం కూడా.

జూన్‌లో పెయింటు బుడగలు లేచింది. జులైలో సిమెంటు పూతకు సరిగ్గా పైన, 4 అడుగుల దగ్గర తెల్లటి ఉప్పు పొడి రాలడం మొదలైంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. జులై 26న చెమ్మ గీత, అంటే తడి ఎక్కిన పై అంచు, 5 అడుగుల 2 అంగుళాల దగ్గర ఉంది. గోడ మీద పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. సిమెంటు వేయకముందు తీసిన ఫోటోలో అదే మచ్చ సుమారు 3 అడుగుల దగ్గర ఉంది.

తిరుత్తణి నుంచి సున్నం పని మేస్త్రిని పిలిపించాం. ఆయన గోడ చూసి, అరచేయి ఆనించి, ‘గోడకి ఊపిరాడకుండా చేస్తిరే అమ్మా’ అన్నారు. విషయం అంతే. పాత గోడ 18 అంగుళాల మందం, ఇటుక, సున్నం. నేల నుంచి తడి పీలుస్తుంది, పూత గుండా బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఇటు రాలేని తడి పైకి ఎక్కింది, తనతో పాటు ఉప్పునూ తీసుకెళ్ళింది.

మరి నేలలో అంత తడి ఎక్కడిది? మూడు చోట్ల దొరికింది:

1. వీధి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. మా గడప ఇప్పుడు వీధి కంటే 14 అంగుళాలు పల్లంలో ఉంది. వాన పడితే నీళ్ళు గోడ పాదానికే చేరతాయి.
2. మేడ మీది బాత్రూం నుంచి దిగే గొట్టం గోడ వెనక పగిలి ఉంది. బకెట్టులో నీలిమందు కలిపి పైన పోశాం. 25 నిమిషాలకు కింద గోడ పాదంలో నీలం కనిపించింది.
3. వెనక గోడను ఆనుకుని కట్టిన పాత నీళ్ళ తొట్టి.

చెమ్మ కొలిచే మీటరు గురించి ఒక మాట. రెండు సూదులుండే చవక మీటర్లు కలప కోసం చేసినవి. ఉప్పు పట్టిన గోడలో గుచ్చితే కరెంటు బాగా పారి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి కంగారు పడకండి. అదే చోట వారం వారం గుచ్చి, పెరుగుతోందా తగ్గుతోందా అని మాత్రం చూడండి. ఇంకో పరీక్షకు ఖర్చు లేదు. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు ఏ వైపు నీటి బొట్లు ఉన్నాయో చూడాలి. గోడ వైపు ఉంటే తడి గోడది, గది వైపు ఉంటే గాలిది. మాది గోడదే.

సిమెంటు మొత్తం చెక్కించేశాం. చెక్కేటప్పుడు దానితో పాటు పాత ఇటుకల మొహాలు కూడా ఊడొచ్చాయి. బయట గోడ వెంబడి 9 అంగుళాల వెడల్పు కాలువ తవ్వి కంకర నింపి, మురుగు కాలువలోకి వాటం ఇచ్చాం. తొట్టి పగలగొట్టాం. గొట్టం మార్చాం.

సిమెంటు పూత 41,600, చెక్కుడు, కాలువ కలిపి 18,900. ఈ మొత్తాన్ని తప్పుల పద్దులోనే రాశాను.
దశ ఖర్చు: 60,500. ఇప్పటిదాకా: 1,31,350.

దశ 3: సున్నం (ఆగస్టు నుంచి అక్టోబరు)

మేస్త్రి సంచి సున్నం వద్దన్నారు, రాతి సున్నం కావాలన్నారు. పెరట్లో గుంట తవ్వి, నీళ్ళలో కొద్దికొద్దిగా కాల్చిన సున్నపు రాళ్ళు వేశాం. కుతకుత ఉడుకుతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు చేతిజోళ్ళు లేకుండా దగ్గరికి పోవద్దు. తమ్ముడి మోచేతికి ఒక బొట్టు పడితే మచ్చ ఇంకా ఉంది. ఉడుకు తగ్గాక జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలిపి 21 రోజులు నానబెట్టాం. ఆ ముద్ద తాపీతో తీస్తే వెన్నలా జారింది.

ఈ లోపల సున్నంలో కలపడానికి కరక్కాయ, బెల్లం నీళ్ళు. 200 లీటర్ల డ్రమ్ములో 5 కిలోల నలగ్గొట్టిన కరక్కాయ, 5 కిలోల నల్లబెల్లం, 10 రోజులు. నాలుగో రోజుకు పులిసిన వాసన వీధి దాకా వెళ్ళింది. ఎదురింటావిడ వచ్చి ‘సారా కాస్తున్నారా?’ అని అడిగింది.

ఈసారి తొందరపడలేదు. గోడ మీద మూడు చోట్ల 2 అడుగుల చదరాలు వేసి చూశాం.

1. సున్నం 1, ఇసుక 3. నాలుగో రోజున వెంట్రుక పగుళ్ళు.
2. సున్నం 1, ఇసుక 2, ఇటుక పొడి 1. పగుళ్ళు తక్కువ, గోటితో గీస్తే మాత్రం గీత పడింది.
3. రెండోదే, మామూలు నీళ్ళకు బదులు డ్రమ్ము నీళ్ళు. పగుళ్ళు లేవు, గట్టిగా ఉంది. మర్నాడు పొద్దున చదరం నిండా చీమలు.

చీమలు వారంలో పోయాయి. మూడోదే ఖాయం చేశాం. మొదటి చదరం పగలడానికి సగం కారణం మిశ్రమం, సగం కారణం మేము: దాని మీద మధ్యాహ్నం కిటికీ ఎండ పడుతోంది. అప్పటి నుంచి తడి గోనెపట్టాలు కప్పి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చిలకరించాం, 14 రోజులు.

సున్నం ఆరడం వేరు, గట్టిపడటం వేరు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారితేనే గట్టిపడినట్టు. దీన్ని కళ్ళతో చూడాలని, కెమిస్ట్రీ చెప్పే మా పిన్ని కూతురి దగ్గర ఫినాఫ్తలీన్ చుక్కల సీసా తెచ్చాను. ఆరు వారాల తర్వాత పూతను మూలలో చిన్న ముక్క విరిచి, విరిగిన అంచు మీద ఒక చుక్క వేశాం. లోపలంతా గాఢమైన గులాబీ రంగు, అంటే ఇంకా రాయిగా మారని సున్నం. పైన మాత్రం రంగు పట్టని సన్నటి గీత, మారింది అంతే. స్కేలు పెడితే 2 మిల్లీమీటర్లు. పూత మందం 18 మిల్లీమీటర్లు. అందుకే గాలిని ఆపేసే మామూలు పెయింటు ఆలోచన మానుకుని పైన సున్నమే కొట్టించాం.

సెప్టెంబరు 30న చెమ్మ గీత 4 అడుగుల 4 అంగుళాలు.

దశ ఖర్చు (సరుకు, కూలి కలిపి): 2,86,400. ఇప్పటిదాకా: 4,17,750.

దశ 4: మిద్దె (ఆగస్టు నుంచి డిసెంబరు)

మా పైకప్పు మద్రాసు టెర్రస్. తెలియనివాళ్ళ కోసం కింది నుంచి పైకి చెబుతాను: టేకు దూలాలు, వాటి మీద బిస్కెట్ల లాంటి చిన్న పల్చటి ఇటుకలు నిలువంచున ఐమూలగా సున్నంతో పేర్చిన పొర, దాని మీద ఇటుక జల్లి (చిన్న ఇటుక ముక్కలు) కలిపిన సున్నపు కాంక్రీటు, పైన పలక ఇటుకలు. ఇనుము లేదు, సిమెంటు లేదు. మా తాతల తర్వాత వచ్చిన వాళ్ళు మాత్రం కారినప్పుడల్లా పైన ఒక సిమెంటు పొర వేసుకుంటూ పోయారు.

ముందు హాలు మీద 3 అంగుళాల అదనపు సిమెంటు దొరికింది. హాలు 19 అడుగులు, 14 అడుగులు అనుకుంటే 266 చదరపు అడుగులు. 3 అంగుళాల మందానికి 66 ఘనపుటడుగుల పైమాటే. బరువు కడితే దగ్గర దగ్గర 4 టన్నులు. 115 ఏళ్ళ దూలాల మీద ఒక లోడు లారీ నిలబడి ఉందన్నమాట. అదంతా ఉలి, సుత్తితోనే తీయించాం. డ్రిల్లింగ్ మెషీను వద్దని ఇంజినీరు గట్టిగా చెప్పాడు. ఒక మూల మనవాళ్ళు పది నిమిషాలు వాడితే కింద నాలుగు మిద్దె ఇటుకలు జారిపడ్డాయి. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. దించాక హాలు మధ్యలో దూలం వంపు మళ్ళీ కొలిచాం. 31 మిల్లీమీటర్లు ఉన్నది 26కు వచ్చింది.

పాడైన 5 దూలాల్లో 2 పూర్తిగా మార్చాం. పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే మండీలో పాత బర్మా టేకు దొరికింది. మిగిలిన 3 దూలాల కొనలు కోసేసి, రెండు పక్కలా ఇనుప చానెళ్ళు బోల్టు చేశాం. గోడలో దూలం కొన చుట్టూ అంగుళం ఖాళీ వదిలాం, గాలి ఆడటానికి. ఆ ఖాళీలో సిమెంటు కూరకుండా చూడటమే ఒక ఉద్యోగం.

తర్వాత సున్నపు జల్లి పరిచి కొట్టడం. ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో, కరక్కాయ నీళ్ళు చల్లుతూ, 6 రోజులు కొట్టారు. మొదట్లో శబ్దం మెత్తగా ఉంటుంది. ఆరో రోజుకు రాయి మీద కొట్టినట్టు మోగింది, అప్పుడే ఆపారు. 5 అంగుళాలు పోసింది మూడున్నరకు దిగింది. ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో మద్రాసు వానలు మూడుసార్లు మీద పడ్డాయి. టార్పాలిను చాలక ఒక మూల కొట్టుకుపోయింది, మళ్ళీ వేశాం. అక్టోబరు నడిమికి ఈశాన్య రుతుపవనం వచ్చేలోపు పూర్తి కావాలని ఒకటే టెన్షన్. 11వ తేదీకి అయింది.

అసలు పరీక్ష డిసెంబరు 3, 4 తేదీల్లో వచ్చింది. మిచాంగ్ తుపాను ఆంధ్రలో బాపట్ల దగ్గర తీరం దాటింది 5న, కానీ అంతకు ముందే చెన్నైని ముంచేసింది. వీధి నీళ్ళు గడప దాటి లోపల 5 అంగుళాలు నిలిచాయి. కరెంటు లేదు. టార్చి పట్టుకుని రాత్రంతా ఒక్కో గది పైకప్పు చూశాం. మిద్దె కారలేదు, ఒక్కచోట తప్ప. బాత్రూం గాలి గొట్టం మిద్దెలోంచి పైకి వచ్చే చోట ఒక్కొక్కటిగా బొట్లు. తెల్లారాక ఎక్కి చూస్తే, ప్లంబరు ఎవరికీ చెప్పకుండా గొట్టం చుట్టూ సిమెంటు కుక్కి ఉన్నాడు. సున్నానికీ సిమెంటుకూ మధ్య దారం మందాన చీలిక. దాన్ని తీసి, సున్నంతోనే గొట్టం చుట్టూ గట్టు కట్టి, పైన రేకు టోపీ పెట్టించాం. ఈ 3,600 వచ్చే దశలో కలిపాను.

డిసెంబరు 6న చెమ్మ గీత 4 అడుగుల 1 అంగుళం. నవంబరు ఆఖరుకు 3 అడుగుల 8 అంగుళాలకు దిగింది, వరదకు మళ్ళీ ఎక్కింది. కంకర కాలువ మాత్రం పని చేసింది: వీధిలో నీళ్ళు తగ్గిన ఆరు గంటల్లో గోడ పాదం దగ్గర నీళ్ళు లేవు.

పాత టేకు 1,12,000, చానెళ్ళు, బోల్టులు 38,500, సున్నపు పని 3,24,000.
దశ ఖర్చు: 4,74,500. ఇప్పటిదాకా: 8,92,250.

దశ 5: వంటిల్లు (నవంబరు నుంచి జనవరి)

మొదటి ప్లానులో వంటిల్లు వెనక హాల్లో, అంటే టేకు దూలాల కింద. తమ్ముడికి అదే ఇష్టం, వడ్డించే చోటికి దగ్గర. నాకు చేపాక్‌లో కలస్ మహల్ గుర్తొచ్చింది. 2012లో మంటలు అంటుకుని ఆ పాత కట్టడం పైకప్పు కూలిపోయింది. 19 కిలోల సిలిండర్లు ఆరు పెట్టుకుని, రోజూ వేపుళ్ళ నూనె ఆవిరి నూరేళ్ళ కలపకు పట్టిస్తూ నేను నిద్రపోలేను. పైగా వంటింట్లో పొద్దస్తమానం నీళ్ళే. ఎండుతున్న గోడల మధ్యకు మళ్ళీ నీళ్ళు తేవడమేంటి? రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు వాడే ‘సరే అక్కా, పెరట్లోకి పోదాం’ అన్నాడు.

పెరట్లో 16 అడుగులు, 14 అడుగుల ఇనుప షెడ్డు, సొంత పునాది మీద. పాత గోడకు 10 అంగుళాల దూరం. ఆ ఖాళీలో మనిషి చేయి, చీపురు పట్టాలి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి.

ఎగ్జాస్టు. పొయ్యిల పైన హుడ్డు, ఫ్యాను, రేకు గొట్టం, పిట్టగోడ ఎత్తు దాకా. ట్రయల్ రోజున తాలింపు వేస్తే, ఎండుమిరపకాయల ఘాటు ముందు హాల్లో కూర్చున్నవాళ్ళకు దగ్గు తెప్పించింది. గొట్టం బయటికి ఊదుతోంది, మండువా దాన్ని లోపలికి లాగుతోంది. అగరువత్తులు వెలిగించి ఒక్కో గుమ్మం దగ్గర పట్టుకుని పొగ ఎటు పోతోందో చూశాం: పెరటి గుమ్మం నుంచి లోపలికి, మండువా మీదుగా పైకి. గొట్టం పిట్టగోడ మీద ఇంకో 6 అడుగులు పెంచాం. పెరటి గుమ్మానికి వాటంతట అవే మూసుకునే రెక్కలు పెట్టాం. ఆ తర్వాత ఘాటు రాలేదు, వాసన మాత్రం వస్తుంది. తమ్ముడు అది ప్రకటన అంటాడు.

జిడ్డు తొట్టి. సింకుల నీళ్ళు మురుగులోకి పోయేముందు నూనె తేలి ఆగిపోవడానికి ఇది. 60 లీటర్లది కొన్నాం. మా రెండు సింకులూ ఒక్కోటి 60 లీటర్లు. రెండూ ఒకేసారి వదిలితే 120 లీటర్లు రెండు నిమిషాల్లో వస్తాయి, నూనె తేలడానికి సమయమేది? మొదటి ట్రయల్‌లోనే పొంగి, సాంబారు రంగు జిడ్డు పెరడంతా పారింది. కొనేముందే ఈ గుణకారం చేసి ఉండాల్సింది, లెక్కలు నా శాఖ. రెండోది మూడు అరలది, 300 లీటర్లు. వారానికి రెండుసార్లు పై జిడ్డు తీస్తున్నాం.

గ్రైండరు: 10 లీటర్లది, మొదట మేడ మీద స్టోర్ రూంలో పెట్టాం. తిరుగుతుంటే కింద హాల్లో సున్నం పొడి రాలింది. అదే రోజు దించేశాం. మేడ మీద ఇప్పుడు ఆఫీసు టేబులు, బీరువా, అంతే.

షెడ్డు 3,90,000, ఎగ్జాస్టు 1,46,000, గొట్టం పెంపు 19,500, జిడ్డు తొట్లు 6,200, 27,800, గాలి గొట్టం గట్టు 3,600.
దశ ఖర్చు: 5,93,100. ఇప్పటిదాకా: 14,85,350.

దశ 6: కరెంటు, నేల, బల్లలు, కాగితాలు (జనవరి, ఫిబ్రవరి)

కరెంటు: త్రీ ఫేజ్. సున్నం గోడల్లో గాడి కొట్టొద్దు, చేతి వెడల్పున ఊడొస్తుంది. ఇనుప గొట్టాలు గోడ పైనే బిగించాం. చూడటానికీ బాగుంది.

నేల: పాత కడప రాళ్ళు, మన ఊరి రాళ్ళే. కాగితం గోడౌను మసి కింద దాక్కున్నాయి. ఎత్తి, కింద సరిచేసి మళ్ళీ పరిచాం, 11 పలకలు మాత్రం కొత్తవి. ఇది చూసి ముచ్చటపడి మూడు బల్లలకు పైన కూడా కడప రాయే వేయించాను. ట్రయల్ భోజనంలో ఎవరో పిండిన నిమ్మచెక్క బల్ల మీద వదిలేశారు. తుడిచాక అక్కడ పాలిపోయిన గుండ్రటి మచ్చ. సున్నపురాయి జాతి కదా, పులుపు తింటుంది. చారు, పులుసు, నిమ్మకాయ లేని ఆంధ్ర భోజనం ఎక్కడుంది? బల్లలన్నిటికీ గ్రానైటు వేయించాం. ఆ మూడు పలకలు పెరట్లో చేతులు కడిగే చోట వేశాం.

కాగితాలు: పని మొదలుపెట్టేముందే మీ కట్టడం సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే బయటి రూపం మార్చడానికి వాళ్ళ వారసత్వ పరిరక్షణ కమిటీ దాకా వెళ్ళాలి. మాది లేదు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు, ఫైర్ పత్రం, జీఎస్టీ. ఒక చోట మా ఫైలు ఐదు వారాలు కదల్లేదు. డ్రాయింగులో మండువాను ‘ఖాళీ స్థలం’ అని రాశామట. ‘గాలి, వెలుతురు కోసం వదిలిన జాగా’ అని మార్చి ఇచ్చాక కదిలింది.

వైరింగు 2,18,000, నేల 64,300, బల్లలు, కుర్చీలు 1,05,000, వృథా అయిన రాతి పలకలు 8,400.
దశ ఖర్చు: 3,95,700. ఇప్పటిదాకా: 18,81,050.

తప్పుల పద్దు వేరుగా: సిమెంటు 60,500, చిన్న జిడ్డు తొట్టి 6,200, గొట్టం పెంపు 19,500, గాలి గొట్టం 3,600, కడప బల్లలు 8,400. మొత్తం 98,200. మేస్త్రిని మార్చిలోనే పిలిచి ఉంటే ఇందులో సగానికి పైగా మిగిలేది.

2024 ఫిబ్రవరి 11

30 మందికి ట్రయల్ భోజనం, అందరూ బంధువులే. పప్పు, గుత్తివంకాయ, చారు, గోంగూర, పెరుగు. పొగ రాలేదు. జిడ్డు తొట్టి పొంగలేదు. పెద్దత్తయ్య పడమటి గోడను చూసి ‘ఇంత ఖర్చు పెట్టి గోడ మీద ఆ పిచ్చి గీతలేంట్రా, చెరిపెయ్యండి’ అంది. తమ్ముడు నా వైపు చూపించాడు.

చెరపలేదు. అందరూ వెళ్ళాక టేపు పెట్టి కొలిచాను: 3 అడుగుల 7 అంగుళాలు. అంగుళం మందం ఎండటానికి నెల అని ఇంజినీరు లెక్క, కాబట్టి ఈ ఏడాదంతా కొలుస్తూనే ఉండాలి. కొత్త గీత గీసి తేదీ వేశాను. ఆరో నెంబరు బల్లను ఆ గోడకు 8 అంగుళాలు ఇవతలికి జరిపించాం. వచ్చే కొలత మార్చి 11న.